అమెరికాలో ఆరోగ్యబీమా నియంత్రణము: రాష్ట్రముల అధికారము, వినియోగదారుని రక్షణ

బీమా వ్యాపారమును అదుపులో నుంచవలసినవారు రాష్ట్రములవారా, కేంద్ర ప్రభుత్వమువారా అను ప్రశ్న అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒకటిన్నర శతాబ్దమునకు పైబడి చర్చింపబడుచున్నది. శాసనసభలు, కాంగ్రెసు, సుప్రీంకోర్టు ఒకదాని వెంట నొకటి తమ నిర్ణయములను చెప్పుచు వచ్చినను, ప్రశ్న తీరకపోగా, ప్రతి పరిష్కారమును మరియొక చిక్కును పెనవేయుటచే, నేడు సామాన్యోద్యోగి తన ఆరోగ్యబీమాను ఏ చట్టము కాపాడుచున్నదో, క్లెయిము నిరాకరింపబడినప్పుడు ఎవరికి మొరపెట్టుకొనవలెనో ఎరుగని స్థితి యేర్పడినది. డల్లాసు పరిసరములలోను, న్యూజెర్సీలోను, కాలిఫోర్నియాలోను స్థిరపడి, ఉద్యోగము ద్వారా లభించు బీమా మీదనే ఆధారపడియున్న తెలుగు కుటుంబములు అనేకము గనుక ఈ చర్చ మనకును సంబంధించినదే. ఈ వివాదము యొక్క పూర్వచరిత్రను, అందలి ప్రధాన పక్షములను, ఇంకను తేలని అంశములను వరుసగా పరిశీలించినచో, ఒక మూలలోపము స్పష్టపడును: రోగికి గల హక్కులు అతని రోగమును బట్టియు, అతడు కట్టిన ప్రీమియమును బట్టియు నిర్ణయింపబడక, చికిత్స ఖర్చు యొక్క నష్టభారమును తెరవెనుక మోయువారు ఎవరను దానిని బట్టి మారిపోవుచున్నవి.

రాష్ట్రాధికారమునకు పునాదులు

1851లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రము బీమా కమిషనర్ల మండలిని ఏర్పాటు చేసి, ఈ విషయమున ఇతర రాష్ట్రములకు మార్గదర్శియైనది. క్లెయిములు చెల్లించుటకు తగినంత ధనము కంపెనీల వద్ద నున్నదా లేదా యని చూచుటయే నాటి నియంత్రణమునకు ప్రధానోద్దేశము. పిదప 1869లో సుప్రీంకోర్టు ముందునకు 'పాల్ వర్సెస్ వర్జీనియా' అను వ్యాజ్యము వచ్చినది. న్యూయార్కు అగ్నిబీమా కంపెనీల ఏజెంటుగా వర్జీనియాలో పాలసీలు విక్రయించుచుండిన శామ్యూల్ పాల్, ఆ రాష్ట్రము కోరిన బాండ్ల డిపాజిట్టు లేకయే వ్యాపారము సాగించి శిక్షితుడై, ఇది అంతర్రాష్ట్ర వాణిజ్యము గనుక రాష్ట్రము అడ్డుపడరాదని వాదింపగా, బీమా పాలసీని జారీ చేయుట అసలు వాణిజ్యమే కాదని జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ తీర్పు వ్రాసెను. ఆ సిద్ధాంతము 75 సంవత్సరముల పాటు రాష్ట్రాధికారమునకు కోటగోడయై నిలిచినది. 1871లో వివిధ రాష్ట్రముల కమిషనర్లు ఒక జాతీయ సంఘముగా కూడి, నమూనా చట్టములను రూపొందించు సంప్రదాయమును నెలకొల్పిరి. అయినను ఆ నమూనాలను స్వీకరించుటయు, మార్చుకొనుటయు, త్రోసిపుచ్చుటయు నేటికిని ఆయా శాసనసభల ఇష్టమే.

1944లో, అట్లాంటా కేంద్రముగా నున్న అగ్నిబీమా కంపెనీల కూటమిపై వచ్చిన 'సౌత్ ఈస్టర్న్ అండర్‌రైటర్స్' వ్యాజ్యమున, సుప్రీంకోర్టు 4-3 ఆధిక్యతతో తన పూర్వసిద్ధాంతమును విడనాడి, రాష్ట్రముల ఎల్లలు దాటి సాగు బీమా వాణిజ్యమే యనియు, దానిని శాసించు అధికారము కాంగ్రెసునకు కలదనియు ప్రకటించెను. దీనిచే రాష్ట్రములును, కంపెనీలును సమానముగా కలవరపడగా, కాంగ్రెసు మరుసటి సంవత్సరమే, అనగా 1945 మార్చిలో, మెకారన్ ఫెర్గుసన్ చట్టమును చేసి, బీమాను ప్రత్యేకముగా ఉద్దేశింపని కేంద్ర చట్టమేదియు రాష్ట్రముల బీమా చట్టములను త్రోసివేయజాలదని శాసించినది. న్యాయస్థానము కేంద్రమునకు అందించిన అధికారమును కేంద్రమే తిరిగి రాష్ట్రముల చేత పెట్టినదన్నమాట.

ఈ లోగా ఆరోగ్యబీమా వేరొక మార్గమున పెరుగుచుండినది. 1929లో డల్లాసులోని బేలర్ ఆస్పత్రి, ఉపాధ్యాయుల నుండి నెలకు 50 సెంట్లు గైకొని, అవసరమైనప్పుడు 21 దినముల ఆస్పత్రి వాసమును కల్పించు ఏర్పాటును ప్రారంభించినది. బ్లూక్రాస్ సంస్థలకు బీజము అదియే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జీతములు పెంచుటకు వీలులేకుండ ప్రభుత్వము కట్టడి చేయగా, పనివారిని ఆకర్షించుటకు యజమానులు ఆరోగ్యబీమాను ఎరగా చూపిరి. ఆ విధముగా యజమాని చెల్లించు ప్రీమియమునకు ఆదాయపు పన్ను లేదని 1954 నాటి పన్నుల స్మృతి స్థిరపరచినది. ఇట్లు, ఎవ్వరును ముందుగా సంకల్పింపకయే, రోగరక్షణము ఉద్యోగముతో ముడివడిపోయినది.

1974: చట్టము మారిన చోటు

1963లో సౌత్ బెండ్ పట్టణమందలి స్టూడ్‌బేకర్ కార్ల కర్మాగారము మూతపడి, వేలాది కార్మికుల పింఛను ఆశలు అడుగంటినప్పుడు రేగిన ఆందోళన ఫలితముగా, 1974 సెప్టెంబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకముతో 'ఎరిసా' అను చట్టము అమలులోనికి వచ్చినది. పింఛనుల రక్షణకై పుట్టిన ఈ చట్టము ఆరోగ్యబీమా స్వరూపమునే మార్చివేయునని నాడు ఊహించినవారు అరుదు.

అందలి మూడు నిబంధనలు కలిసి పనిచేయు తీరును పాఠకులు నిదానముగా గ్రహింపవలెను. ఉద్యోగుల సంక్షేమ పథకములకు సంబంధించిన రాష్ట్ర చట్టములు చెల్లవని మొదటి నిబంధన. అయినను బీమా వ్యాపారమును నియంత్రించు రాష్ట్ర చట్టములు చెల్లునని రెండవది. యజమాని పథకమును బీమా కంపెనీగా భావించి దానిపై రాష్ట్రము అధికారము చెలాయింపరాదని మూడవది. తాత్పర్యమేమనగా, యజమాని ప్రీమియము కట్టి బీమా కంపెనీ నుండి పాలసీ కొన్నచో రాష్ట్ర చట్టములు ఆ పాలసీ ద్వారా ఉద్యోగిని చేరును. యజమానియే చికిత్సల ఖర్చును తన ధనము నుండి భరించుచు, బీమా కంపెనీని కేవలము క్లెయిముల గుమాస్తాగా నియమించుకొన్నచో, అనగా 'సెల్ఫ్‌ఫండెడ్' పథకమును నడపినచో, ఆ చట్టములు ఉద్యోగి గడప తొక్కజాలవు. మానసిక చికిత్సను పాలసీలలో చేర్చవలెనన్న మాసచూసెట్స్ చట్టమును 1985లో సమర్థించుచు సుప్రీంకోర్టు ఈ భేదమును అంగీకరించినది. 1990లో 'ఎఫ్ఎమ్‌సీ వర్సెస్ హాలిడే' తీర్పుతో దానిని సుస్థిరము చేసినది. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ జరుపు వార్షిక సర్వేల ప్రకారము, యజమాని ద్వారా బీమా పొందు ఉద్యోగులలో నూటికి 60 మందికి పైగా నేడు ఇట్టి పథకములలోనే యున్నారు.

ఈ భేదము ఎంత నిగూఢమో ఒక ఉదాహరణముచే తెలియును. టెక్సాస్‌లోని అర్వింగ్ పట్టణమున ఒకే భవనమునందు పనిచేయు ఇరువురు ఉద్యోగులు తమ ఇన్సూరెన్స్ కార్డులను బయటికి తీసినచో, రెంటి మీదను ఒకే బీమా కంపెనీ చిహ్నము, ఒకే రంగు, ఒకే తీరు సభ్యత్వసంఖ్య కనబడవచ్చును. కాని ఒక కార్డుపై 'టీడీఐ' యనియో, 'డీవోఐ' యనియో చిన్న అక్షరములు ముద్రింపబడి యుండును. ఆ రాష్ట్రపు బీమా శాఖ అధికారము ఆ పథకమునకు వర్తించునని వాని భావము. ఆ అక్షరములు లేని కార్డు గలవాడు సాధారణముగా కేంద్ర కార్మికశాఖ పరిధిలోని వాడు. పరిహారము విషయమున మాత్రము ఇరువురి స్థితియు ఒక్కటే. 1987 నాటి 'పైలట్ లైఫ్' తీర్పును, 2004 నాటి 'ఏట్నా వర్సెస్ డావిలా' తీర్పును అనుసరించి, యజమాని ద్వారా వచ్చిన బీమా గలవాడు అన్యాయముగా చికిత్స నిరాకరింపబడి నష్టపోయినను, రావలసిన ప్రయోజనమునో దాని వెలనో రాబట్టుకొనగలడే గాని, కలిగిన కష్టమునకు రాష్ట్ర చట్టము క్రింద నష్టపరిహారమును కోరజాలడు.

సంస్కరణలు: 1992 నుండి 2010 వరకు

తమ చేతిలో మిగిలిన భాగమున, అనగా వ్యక్తులును చిన్న సంస్థలును కొను పాలసీల విషయమున, రాష్ట్రములు సాహసోపేతమైన ప్రయోగములు చేసినవి. రోగులను నిరాకరింపరాదని, వయస్సును ఆరోగ్యమును బట్టి ప్రీమియము మార్చరాదని న్యూయార్కు 1992లో శాసించినది. కెంటకీ 1994లో తన సంస్కరణములను చేపట్టినది. ఉద్దేశములు ఉదాత్తములే. కాని ఆరోగ్యవంతులు రోగము వచ్చుదాక బీమా కొనక వేచియుండు అవకాశము కలుగుటచే, న్యూయార్కులో వ్యక్తిగత పాలసీల ప్రీమియములు మిన్నంటినవి. కెంటకీ నుండి పెక్కు కంపెనీలు తరలిపోయినవి. అందరిని చేర్చుకొనవలెనన్న నియమము, అందరును చేరవలెనన్న నియమముతోను, బీదలకు సహాయముతోను జతపడినగాని నిలువదను పాఠము అప్పుడు తెలిసినది. 2006లో మాసచూసెట్స్, గవర్నరు మిట్ రామ్నీ హయామున, ఈ మూడింటిని ఒక్కటిగా కూర్చి చూపినది.

2010 మార్చిలో అధ్యక్షుడు ఒబామా ఆమోదించిన చట్టము ఆ కూర్పునే దేశమంతటికి విస్తరింపజేసినది. పూర్వరోగమును కారణముగా చూపి నిరాకరించుట నిషేధింపబడినది. వృద్ధుల ప్రీమియము యువకుల దానికి మూడు రెట్లు మించరాదని నియమింపబడినది. పిల్లలు 26 ఏండ్లు వచ్చువరకు తలిదండ్రుల బీమాలో నుండవచ్చును. వ్యక్తుల, చిన్న సంస్థల పాలసీలలో ప్రీమియము సొమ్మున నూటికి 80 వంతులు, పెద్ద సంస్థల పాలసీలలో 85 వంతులు చికిత్సకును, దాని నాణ్యతకును వ్యయము చేయవలెను, లేనిచో మిగులు పాలసీదారులకు తిరిగి చెల్లింపవలెను. అయినను ఈ చట్టము రాష్ట్రములను తొలగింపలేదు. కేంద్రము కనీస ప్రమాణములను నిర్ణయింపగా, వానిని అమలుపరచు బాధ్యత ప్రధానముగా రాష్ట్ర కమిషనర్లకే మిగిలినది. 2012లోను, 2015లోను సుప్రీంకోర్టు పరీక్షలకు నిలిచిన ఈ చట్టమునందలి బీమా కొననివారి జరిమానా, 2017 నాటి పన్నుల చట్టముచే 2019 నుండి సున్నకు దిగినది.

నాలుగు పక్షములు

*రాష్ట్రాధికారవాదులు.* వైద్యుడును ఆస్పత్రియు స్థానికములు గనుక నియంత్రణము కూడ స్థానికముగా నుండవలెనని వీరి వాదము. కాలిఫోర్నియా, వాషింగ్టన్, జార్జియా వంటి రాష్ట్రములలో బీమా కమిషనరును ప్రజలే ఎన్నుకొందురు గనుక, ఫిర్యాదును పెడచెవిని పెట్టినవాడు ఎన్నికలలో సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. అంతకు మించి, మంచి చట్టములు మొదట రాష్ట్రములలోనే మొలకెత్తినవని వీరు చూపుదురు: మాసచూసెట్స్ 2006లో చేసినదానినే దేశము 2010లో చేసినది, బీమా కంపెనీతో ఒప్పందము లేని, అనగా నెట్‌వర్కు వెలుపలి, వైద్యులు ఊహింపని బిల్లులను పంపకుండ న్యూయార్కు 2014లో చేసిన శాసనమునకు, 2022 జనవరి నుండి అమలైన కేంద్ర చట్టము అనుజ వంటిది. ఈ వాదము బలమైనదే గాని, అధిక సంఖ్యాకులైన ఉద్యోగులను చేరజాలని అధికారము ఎంత సమీపమున నున్నను ఏమి ప్రయోజనమను ప్రశ్నకు ఇందు సమాధానము లేదు.

*ఏకరూపతావాదులు.* రాష్ట్రపు ఎల్ల దాటినంత మాత్రమున రోగము మారదు గనుక హక్కును మారరాదని వీరందురు. అయితే ఈ పక్షమున ఇరువురు చేరియున్నారు, ఇరువురి గమ్యములును వేరు. దేశమంతట ఒకే ఉన్నత రక్షణము కావలెనని వినియోగదారుల పక్షపాతులు కోరుదురు. ఏ రాష్ట్రపు నిర్బంధములును తమకు తగులరాదని పెద్ద యజమానులు కోరుదురు. రాష్ట్ర చట్టము తొలగిన చోట కేంద్ర చట్టము ఆ ఖాళీని నింపినచో మొదటివారి కోరిక, నింపకున్నచో రెండవవారి కోరిక నెరవేరును. 1974 తరువాత చిరకాలము నెరవేరినది రెండవదియే.

*విపణిస్వేచ్ఛావాదులు.* రాష్ట్రములు విధించు ప్రతి నిర్బంధమును ప్రీమియమును పెంచును గనుక, ఒక రాష్ట్రమున అనుమతి పొందిన పాలసీని వేరొక రాష్ట్రమున అమ్ముకొననిచ్చినచో పోటీ పెరిగి వెలలు తగ్గునని వీరి సిద్ధాంతము. జార్జియా 2011లో ఇట్టి చట్టమును చేసినను, పొరుగు రాష్ట్రముల కంపెనీలు ఆ తలుపు గుండ లోనికి రాలేదు. కారణము తెలియనిది కాదు: క్రొత్త చోట బీమా అమ్మవలెనన్న అచటి ఆస్పత్రులతోను, వైద్యులతోను బేరమాడి నెట్‌వర్కును కట్టుకొనవలెను; అసలు అడ్డంకి లైసెన్సు కాదు, ఆ బేరము. అయినను ప్రతి నిర్బంధమునకు వెల కలదని వీరు చేయు హెచ్చరికను నిర్లక్ష్యము చేయరాదు.

*ధరల నియంత్రణవాదులు.* బీమా కంపెనీ ఎంత సజ్జనమైనను, ఆస్పత్రి వేయు బిల్లు పెరుగుచున్నంత కాలము ప్రీమియము తగ్గదని వీరు వాదింతురు. 2004లో ఆరోగ్యబీమాకు ప్రత్యేకముగా కమిషనరును నియమించిన రోడ్ ఐలండ్, 2010 నుండి బీమా కంపెనీలు ఆస్పత్రులతో చేసికొను ఒప్పందములలో ధరల పెరుగుదలకు పరిమితి విధించినది. వాషింగ్టన్ 2019లోను, కొలరాడో 2021లోను ప్రభుత్వ ప్రమాణములతో కూడిన ప్రత్యేక పాలసీలకై చట్టములు చేసినవి. ఆస్పత్రులు ఇష్టపూర్వకముగా చేరకున్నచో ఏమి చేయవలెనన్నది ఈ పక్షమునకు ఎదురగు కఠినప్రశ్న.

ఏ పథకమున ఏ రక్షణ: తులనాత్మక సంగ్రహము

- వ్యక్తులు, చిన్న సంస్థలు కొను పాలసీ: రాష్ట్ర కమిషనరు అధికారము, 2010 చట్టపు పూర్తి రక్షణము రెండును వర్తించును. పూర్వరోగముచే నిరాకరణ లేదు. కంపెనీ దివాలా తీసినచో రాష్ట్ర గ్యారంటీ సంఘము కొంత పరిమితి వరకు ఆదుకొనును.
- పెద్ద సంస్థ బీమా కంపెనీ నుండి కొన్న పాలసీ: రాష్ట్ర నిర్బంధములు వర్తించును, కాని 2010 చట్టమునందలి పది ఆవశ్యక ప్రయోజనములను తప్పక చేర్చవలెనను నియమము లేదు.
- సెల్ఫ్‌ఫండెడ్ పథకము: పర్యవేక్షణ కేంద్ర కార్మికశాఖది. రాష్ట్ర నిర్బంధములు లేవు. రాష్ట్ర గ్యారంటీ సంఘపు అండ లేదు. కోర్టులో పొందగల పరిహారము, యజమాని కొన్న పాలసీల విషయమున వలెనే, స్వల్పము.
- స్వల్పకాలిక పాలసీ: 2010 చట్టపు రక్షణములు లేవు, పూర్వరోగము పేరిట నిరాకరింపవచ్చును. కాలిఫోర్నియా వీనిని నిషేధించినది. పెక్కు రాష్ట్రములు అనుమతించుచున్నవి.
- సందర్శకుల పాలసీ: ఆంధ్ర, తెలంగాణముల నుండి పిల్లలను చూడవచ్చు తలిదండ్రులకై కొనునది. ఇది ప్రయాణబీమా జాతికి చెందినదే గాని సంపూర్ణ ఆరోగ్యబీమా కాదు. మధుమేహము, రక్తపోటు వంటి పూర్వరోగముల చికిత్స సాధారణముగా ఇందు మినహాయింపబడి యుండును. వృద్ధులకు అవసరమగునది తరచుగా అదియే.

తేలని అంశములు

మొదటిది, మందుల బేరము నడపు మధ్యవర్తి కంపెనీలను రాష్ట్రములు ఎంత వరకు కట్టడి చేయవచ్చుననునది. 2020లో సుప్రీంకోర్టు 'రట్లెడ్జ్' వ్యాజ్యమున ఆర్కన్సా చట్టమును ఏకగ్రీవముగా సమర్థింపగా, 2023లో పదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఓక్లహోమా చట్టమునందలి ముఖ్యాంశములను 1974 చట్టము పేరిట త్రోసిపుచ్చినది. గీత ఎక్కడ నున్నదో ఇంకను స్థిరపడలేదు.

రెండవది, సమాచారము. చికిత్సల ధరలను లెక్కించుటకు వెర్మాంట్ రాష్ట్రము క్లెయిముల వివరములను కోరగా, సెల్ఫ్‌ఫండెడ్ పథకములు వానిని ఇయ్యనక్కరలేదని 2016 నాటి 'గోబీల్' తీర్పు చెప్పినది. ధరలను అదుపు చేయవలసిన ప్రభుత్వమునకు ధరలే సమగ్రముగా తెలియకున్నచో, ధరల నియంత్రణవాదుల కార్యక్రమమునకు కాళ్లు విరిచినట్లే గదా.

మూడవది, ముందస్తు అనుమతులు. వైద్యుడు వ్రాసిన చికిత్సకు బీమా కంపెనీ అనుమతి కొరకు రోగి దినముల తరబడి వేచియుండుట అనుభవించినవారికే తెలియు బాధ. అధిక భాగము అనుమతులు పొందుచున్న వైద్యులను ఈ నిర్బంధము నుండి విముక్తులను చేయుచు టెక్సాస్ 2021లో ఒక చట్టము చేసినది. అదియును రాష్ట్ర పరిధిలోని పథకములకే పరిమితము. నాల్గవది, ఊహింపని బిల్లులను ఆపిన కేంద్ర చట్టము విమాన అంబులెన్సులను తన పరిధిలోనికి తెచ్చినను, రోడ్డు మీద తిరుగు అంబులెన్సులను వదలివేసినది. వానిని రాష్ట్రములు కొంత కొంతగా చేపట్టుచున్నవి.

భారతదేశముతో ఒక పోలిక

మన రాజ్యాంగమున బీమా కేంద్ర జాబితాలోని విషయము గనుక ఇట్టి వివాదము మనకు పుట్టలేదు. 1999 నాటి చట్టముచే ఏర్పడి, హైదరాబాదు ప్రధానస్థానముగా నున్న బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ దేశమంతటికి ఒకే నియమమును చేయును. పూర్వరోగములకు వేచియుండవలసిన గరిష్ఠకాలమును 2024లో నాలుగేండ్ల నుండి మూడేండ్లకు తగ్గించినప్పుడు, ఆ ప్రయోజనము శ్రీకాకుళములోను, ఆదిలాబాదులోను ఒక్క తీరుగానే లభించినది. అయినను, మన ఏర్పాటు సర్వసమగ్రమని తలపరాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున బీమా కంపెనీ ద్వారా ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, పిదప ట్రస్టు ద్వారా నేరుగా నడపబడి, ప్రభుత్వమే ఖర్చును భరించినప్పుడు, అది బీమా ఒప్పందపు పరిధిని దాటిపోయినది. నష్టభారము చేతులు మారినచో రక్షకుడును మారునను సూత్రము అమెరికాకే పరిమితము కాదని దీనివలన తెలియును.

వినియోగదారుని కర్తవ్యము, శాసనకర్తల కర్తవ్యము

ప్రస్తుత స్థితిలో పాలసీదారు చేయదగిన పనులు కొన్ని కలవు. మా పథకము సెల్ఫ్‌ఫండెడ్డా, కాదా యని హెచ్‌ఆర్ విభాగమును వ్రాతమూలకముగా అడుగవలెను. పథక వివరణపత్రమును వ్రాసి కోరినచో 30 దినములలో ఇయ్యవలసిన బాధ్యత పథక నిర్వాహకులకు కలదు. క్లెయిము నిరాకరింపబడినచో 180 దినములలోగా అంతర్గత అప్పీలు చేసికొనవచ్చును. అది వైద్యపరమైన నిర్ణయమై, అచటను విఫలమైనచో, కేంద్ర నియమముల ప్రకారము నాలుగు మాసములలోగా స్వతంత్ర బాహ్యసమీక్షను కోరవచ్చును. ఆ సమీక్షకులు సాధారణముగా 45 దినములలోను, ప్రాణాపాయము గల తొందర సందర్భములలో 72 గంటలలోను తీర్పు చెప్పవలెను. మొదటి నిరాకరణతోనే నిరాశపడి ఊరకుండుట కంపెనీకి లాభమే గాని రోగికి కాదు.

కాని ఇంత శాస్త్రపరిజ్ఞానమును రోగశయ్య మీది మనుష్యుని నుండి ఆశించు వ్యవస్థ న్యాయమైనది కాదు. రాష్ట్రమా, కేంద్రమా యను వాదమున రెండు పక్షములందును సత్యాంశము కలదు: ప్రయోగములకు రాష్ట్రములే తగినవి, కనీస రక్షణకు దేశమంతటికి ఒకే ప్రమాణము తగినది. ఈ రెంటిని పొసగించుట అసాధ్యము కాదని 2010 నాటి కూర్పు వ్యక్తిగత పాలసీల విషయమున నిరూపించినది. పొసగనిది 1974 నాటి మూడవ నిబంధన యొక్కటే. రాష్ట్ర రక్షణమును తొలగించినంతగా దాని స్థానమున కేంద్ర రక్షణమును నింపకపోవుటయే దాని దోషము. కావున ప్రతి కార్డు మీదను దానిని పర్యవేక్షించు శాఖ పేరును స్పష్టముగా ముద్రింపజేయుట తక్షణకర్తవ్యము. చికిత్స నిరాకరణమునకు గురియైన ప్రతి రోగికిని, అతని యజమాని ప్రీమియము కట్టినను, ఖర్చును తానే భరించినను, ఒకే తీరు విచారణమును, తగిన పరిహారమును కల్పించుటకు కాంగ్రెసు ఆ చట్టమును సవరించుట శాశ్వతకర్తవ్యము. ఈ రెండవ పని జరుగనంత కాలము, ఏ రాష్ట్రము ఎంత మంచి శాసనము చేసినను, అది ఉద్యోగము ద్వారా బీమా పొందు తన పౌరులలో పెక్కుమందిని వదలి మిగిలినవారికే న్యాయము చేయుచుండును.